అప్‌డేట్: ఎండకి లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్లు, దాణాలో మొక్కల నూనెలు

ఎండలకి మా లేయర్లు మేత తగ్గించి రొప్పుతున్నాయి, దాణాలో మొక్కల నూనెలు పనిచేస్తాయా అని అడిగాను కదా. డాక్టరుగారి సలహాతో వాము, పుదీనా నూనెల పొడి కలిపాం. పూత ఉన్నదే తీసుకోమన్నారు, లేకపోతే ఘాటంతా ఆవిరైపోతుందట. మేత కాస్త పుంజుకుంది, చాలా సంతోషంగా ఉంది. కానీ కరెంటు పోయి ఫ్యాన్లు, ఫాగర్లు (నీటి తుంపర చల్లేవి) ఆగిన మధ్యాహ్నం ఏ నూనె కూడా ఆదుకోలేదు.

గుడ్డు పెంకు మాత్రం ఇంకా పల్చనే. కోడికి చెమట గ్రంథులుండవు. రొప్పేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి పెంకు దెబ్బతింటుంది. సాయంత్రం మేతలో షెల్ గ్రిట్ (ఆల్చిప్పల నూక) వేయమన్న అన్నకి థాంక్స్, నిన్నటి నుంచి మొదలుపెట్టాం. నీళ్లలో వంటసోడా ఎంత కలపాలో డాక్టరుగారిని అడిగి చెప్తాను.