కాంపౌండ్ విల్లు స్కోప్‌కి ఎంత పవర్ లెన్స్? 4ఎక్స్ చాలా, 8ఎక్స్ కావాలా?

బ్రాడీపేట నాన్న:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. విజయవాడలో కాంపౌండ్ ఆర్చరీ (చివర్లలో చక్రాలుండే విల్లు) నేర్చుకుంటోంది. ఇన్నాళ్లూ స్కోప్‌లో (విల్లు ముందు గురి చూసే గుండ్రటి చట్రం) లెన్స్ లేకుండా ఉత్త రింగుతోనే కొట్టింది. ఈమధ్యే 50 మీటర్లకి మారింది, ఇక లెన్స్ కొనాలి. కోచ్ గారు 4ఎక్స్, అంటే నాలుగు రెట్లు, చాలన్నారు. సీనియర్ పిల్లలు మాత్రం 8ఎక్స్ తీసుకోమంటున్నారు. టార్గెట్‌లో పసుపు రంగు మధ్యలో ఉండే చిన్న రింగు కూడా కనిపిస్తే పది కొట్టడం తేలికట. నెట్‌లో వెతికితే అన్నీ రైఫిల్ స్కోపుల సంగతులే వస్తున్నాయి. దూరం పెరిగేకొద్దీ పవర్ పెంచాలని, 25 రెట్లు కూడా తక్కువేనని రాస్తున్నారు. నాకు ఈ ఆట గురించి పెద్దగా తెలీదు. రెండుసార్లు కొనే స్తోమత లేదు. పాపకి కళ్లజోడు లేదు. ఏది తీసుకోమంటారు, ఎందుకు?

పటమట విలుకాడు:
8ఎక్స్ తీసుకోండి సార్. కాంపౌండ్‌లో ఇప్పుడు తొమ్మిది కొడితే వెనకబడినట్టే. 50 మీటర్లలో 80 సెంటీమీటర్ల టార్గెట్, అందులో పది రింగు 8 సెంటీమీటర్లు, దాని లోపల ఎక్స్ 4 సెంటీమీటర్లు. 15 బాణాల మ్యాచ్ సమానమైతే షూటాఫ్‌లో ఒక్కటే బాణం. ఇద్దరూ పది కొడితే మధ్యకి ఎవరిది దగ్గరగా ఉంటే వాళ్లదే గెలుపు. అలాంటప్పుడు పసుపంతా ఒకే ముద్దలా కనిపిస్తే ఎలా? మధ్య ఎక్కడుందో స్పష్టంగా కనపడాలి. నేను తక్కువ పవర్ నుంచి ఎక్కువకి మారాకే నా గ్రూప్, అంటే బాణాలు పడే చోట్లు, దగ్గరపడింది. ఇది నా అనుభవం.

కోచింగ్ అక్క:
బ్రాడీపేట నాన్న గారూ, మీ కోచ్ గారి మాట వినండి.

లెన్స్ టార్గెట్‌ని ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందో, చేతి ఊపుని కూడా అన్ని రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఫోన్ కెమెరా పూర్తిగా జూమ్ చేసి దూరంగా ఉన్న బోర్డు చదవబోతే ఎలా ఉంటుందో అలా. విల్లు నిజంగా ఊగేది అంతే. కానీ లెన్స్ మీది గురి చుక్క, అదే డాట్, పసుపు మీద పెద్ద పెద్ద ఊపులతో తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. పిల్ల భయపడుతుంది. డాట్ మధ్యకి వచ్చిన క్షణాన్ని పట్టుకుందామని తాడు వదిలే రిలీజ్‌ని ఒక్కసారిగా నొక్కేస్తుంది. వీపు కండరాలతో మెల్లగా లాగుతూ బాణం తనంతట తాను వెళ్లేలా చేయాల్సిన పని, బొటనవేలి గుద్దుడుగా మారిపోతుంది. ఒకసారి ఆ అలవాటు పడితే, డాట్ పసుపు దగ్గరికి వచ్చేసరికే చెయ్యి బిగుసుకుపోయే టార్గెట్ పానిక్ దాకా వెళ్తుంది. దాన్ని మాన్పించడానికి నెలలు పడుతుంది. పద్నాలుగేళ్ల పిల్లకి, కొత్తగా 50 మీటర్లకి వచ్చినప్పుడు, ఆ టెన్షన్ ఎందుకు పెట్టాలి?

ఎక్స్ కనిపించాలన్న మాటకొస్తే, మామూలు 6/6 చూపున్న కంటికి ఏ లెన్సూ లేకుండానే 50 మీటర్లలో ఒకటిన్నర సెంటీమీటర్ల వివరం తెలుస్తుంది. 8 సెంటీమీటర్ల పది రింగు ఎక్కడుందో తెలుసుకోవడానికి అంత పవర్ అక్కర్లేదు. బాణం ఎక్కడ తగిలిందో చూసుకోవడానికి స్టాండ్ మీద టెలిస్కోప్ ఉంటుంది, బైనాక్యులర్స్ ఉంటాయి. ఆ పని విల్లు మీద లెన్స్‌తో చేయించకూడదు.

రైఫిల్ రేంజ్:
రైఫిల్ స్కోపుల ప్రస్తావన వచ్చింది కాబట్టి రాస్తున్నాను. 25 రెట్ల మాట అబద్ధం కాదు, కానీ అది వేరే ఆట. ఎఫ్ క్లాస్ లాంటి పోటీల్లో 300 నుంచి 1000 గజాల దూరం కొడతారు. షూటర్ నేల మీద పడుకుంటాడు, తుపాకీ బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్) మీదో రెస్ట్ మీదో ఉంటుంది. ఊపు దాదాపు ఉండదు కాబట్టి అంత పవర్ పనికొస్తుంది. అక్కడ కూడా ఎండ ముదిరితే నేల మీంచి లేచే వేడికి టార్గెట్ నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది. పవర్ ఎక్కువైతే ఆ కదలికే కనిపిస్తుంది కానీ టార్గెట్ కనిపించదు. అప్పుడు నాబ్ తిప్పి తగ్గించుకుంటారు. మీ విల్లు లెన్స్‌కి ఆ నాబ్ లేదు. కొన్నది కొన్నట్టే.

ఇంకో సంగతి. ఒలింపిక్స్‌లో 10 మీటర్లు, 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో టెలిస్కోప్ సైట్లకి అనుమతే లేదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. దాన్ని రింగు సైట్లతోనే కొడుతున్నారు. కన్ను గుండ్రాన్ని గుండ్రంలో సమంగా కూర్చోబెట్టగలదు. మధ్య చుక్క విడిగా కనిపించాల్సిన పని లేదు.

పటమట విలుకాడు:
అక్కా, మీరు చెప్పిన పానిక్ లెన్స్ వల్ల రాదు, నేర్పడం వల్ల వస్తుంది. ఊపు కనిపిస్తేనే కదా దాన్ని తగ్గించుకోవడానికి విల్లుకి బిగించే స్టెబిలైజర్ కడ్డీల బరువులు మార్చుకుంటాం, భుజం సరిచేసుకుంటాం! తక్కువ పవర్‌లో అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి, స్కోరు మాత్రం రాదు. దాచిపెట్టడం కంటే చూసి అలవాటు పడటం మేలు.

రైఫిల్ అన్నా, మీ అర మిల్లీమీటరు మాట బాగుంది. కానీ మీ టార్గెట్‌లో నల్ల గుండ్రం ఉంది, సైట్‌లో దానికి సరిపోయే రింగు ఉంది. మాకు చుక్క పెట్టేది పసుపు మీద. రెండూ ఒకటి కాదు.

కోచింగ్ అక్క:
తమ్ముడూ, ప్రాక్టీసులో చూసి సరిచేసుకోవడం పెద్దవాళ్లకి కుదురుతుంది. నీకు కుదిరింది, కాదనను. నేను మాట్లాడేది ఈ పిల్ల గురించి.

కంటి పరీక్ష:
నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, మా అబ్బాయి కాంపౌండ్ కొడతాడు. ఇక్కడ అందరూ 4ఎక్స్, 8ఎక్స్ అంటున్నారు. ఆ అంకె మీద అంత నమ్మకం పెట్టుకోకండి. నిజంగా చూడాల్సింది డయాప్టర్, అంటే కళ్లజోడు పవర్ లెక్క. చాలా కంపెనీలు ప్లస్ 0.5ని 4ఎక్స్ అని, 0.75ని 6ఎక్స్ అని, 1.0ని 8ఎక్స్ అని అమ్ముతాయి. అది నిజంగా ఎన్ని రెట్లు చూపిస్తుందనేది కంటికీ లెన్స్‌కీ మధ్య దూరం మీద ఆధారపడుతుంది. లెక్క చిన్నదే: ఆ దూరాన్ని మీటర్లలో తీసుకుని డయాప్టర్‌తో గుణించి, ఒకటిలోంచి తీసేయాలి. మిగిలిన దానితో ఒకటిని భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది.

పద్నాలుగేళ్ల అమ్మాయికి కంటి నుంచి స్కోప్ దాకా 70 సెంటీమీటర్లు అనుకుందాం. 0.5 లెన్స్ ఒకటిన్నర రెట్లు చూపిస్తుంది, 0.75 రెండు రెట్లకి కాస్త పైన, 1.0 అయితే మూడు రెట్లు దాటుతుంది. అవే లెన్సులు పొడుగు చేతులున్న మగవాడి విల్లుకి బిగించి దూరం 85 సెంటీమీటర్లు అయితే, 0.75 రెండుంముప్పావు రెట్లు అవుతుంది. 1.0 ఆరున్నర దాటుతుంది! ఒకే లెన్స్, ఇద్దరికి రెండు రకాలు. పటమట బాబుకి ఏది బాగుందో అది ఈ పాపకి అలాగే ఉండదు. స్కోప్ బిగించిన సైట్ బారు ముందుకి జరిపినా, వెనక్కి జరిపినా ఇదే తేడా వస్తుంది.

జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చాక, 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పెడుతున్నారని తెలిశాక, మన ఊళ్లో తల్లిదండ్రులు చాంపియన్లు వాడే సామాను వెతుక్కుంటున్నారు. ఆ ఆశ మంచిదే, నాకూ ఉంది. కానీ ఇంకొకరి చేతి పొడుగుకి కుదిరిన లెన్స్ మన పిల్లకి కొనడంలో అర్థం లేదు.

రెండోది ఇంకా ముఖ్యం. ప్లస్ లెన్స్ దాటిన వెలుగు కంటికి చేరేసరికే కొంత దగ్గరపడి ఉంటుంది. మామూలు కన్ను దాన్ని సరిచేసుకోలేదు. అందుకే టార్గెట్ మసకేస్తుంది. అదే 70 సెంటీమీటర్ల దూరంలో, 0.5 లెన్స్‌తో కన్ను దాదాపు మైనస్ 0.75 సైటు ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. 0.75తో మైనస్ ఒకటిన్నర పైన. 1.0తో మైనస్ మూడు దాటుతుంది. పీప్, అంటే తాడులో కంటి ముందుండే రంధ్రం, చిన్నది కాబట్టి కొంత కవరవుతుంది, అంతే. ఆపైన పీప్‌లో క్లారిఫయర్ అనే చిన్న మైనస్ లెన్స్ పెట్టాల్సిందే. అంటే 8ఎక్స్ ధర ఒక్క లెన్స్ ధర కాదు. క్లారిఫయర్, దానికి సరిపోయే పీప్ కూడా కలుపుకోవాలి. పెద్దదిగా కనిపించి మసగ్గా ఉండేదానికంటే చిన్నదిగా, పదునుగా ఉండేది ఎప్పుడూ నయం.

బ్రాడీపేట నాన్న:
డాక్టర్ గారూ, మొదటిసారి నాకు అర్థమయ్యేలా చెప్పారు. అంటే పాపని విల్లు లాగి నిలబెట్టి, కంటి నుంచి స్కోప్ దాకా కొలవాలన్నమాట. అకాడమీలో వేరేవాళ్ల లెన్స్ అడిగి పెట్టి చూడొచ్చా?

కంటి పరీక్ష:
తప్పకుండా చూడండి. విల్లు పూర్తిగా లాగినప్పుడే కొలవాలి, బాణం పెట్టి, టార్గెట్ వైపే నిలబెట్టి. టేపు పట్టుకునే పని కోచ్ గారికి అప్పగించండి. కొనేముందు పాప కళ్లు కూడా పరీక్ష చేయించండి. జోడు లేదంటే సైటు లేదని కాదు. చిన్న మైనస్ ఉన్నా లెన్స్ దాన్ని పెంచి చూపిస్తుంది.

లెన్స్ మార్చిన ప్రతిసారీ సైట్ మళ్లీ సెట్ చేసుకోవాలి. లెన్స్ మధ్యబిందువు డాట్‌కి ఒక్క మిల్లీమీటరు పక్కకి ఉంటే, 0.75 డయాప్టర్ లెన్స్‌తో 50 మీటర్ల దగ్గర గురి దాదాపు 3.75 సెంటీమీటర్లు జరుగుతుంది. పది రింగు సగం వెడల్పు 4 సెంటీమీటర్లు! లెన్స్ కదలకుండా ఉన్నంతకాలం సైట్ తిప్పి సరిచేసుకోవచ్చు. హౌసింగ్‌లో, అంటే లెన్స్ చట్రంలో, లెన్స్ వదులై తిరుగుతుంటే మాత్రం గురి ఏ రోజుకారోజు మారిపోతుంది. పిల్ల తన ఫామ్‌లోనే ఏదో తప్పుందనుకుని కుమిలిపోతుంది. పవర్ పెరిగేకొద్దీ ఈ జరుగుడు కూడా పెరుగుతుంది. ఇది ఎవరూ చెప్పరు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

కరకట్ట గాలి:
నలభై దాటినవాళ్ల తరఫున ఒక మాట. మాకు టార్గెట్ కంటే లెన్స్ మీది డాటే మసకేస్తుంది. డాట్ తీసేసి సన్నటి నల్ల రింగు అతికించుకున్నాక హాయిగా ఉంది. వానాకాలం సంగతి కూడా మరవకండి. మ్యాచ్ వానలోనూ జరుగుతుంది. లెన్స్ మీద చుక్క పడితే 4ఎక్స్‌కీ 8ఎక్స్‌కీ తేడా ఉండదు. లెన్స్ లేని స్కోప్ ఒకటి బ్యాగులో ఉంచుకోండి. ఏసీ కారులోంచి తీసిన స్కోప్ మన ఉక్కపోతకి వెంటనే ఆవిరి పడుతుంది, ముందే బయటపెట్టండి.

పటమట విలుకాడు:
డాక్టర్ గారి లెక్క నా విల్లు మీద చూసుకున్నాను. కంటికీ స్కోప్‌కీ 84 సెంటీమీటర్లు వచ్చింది. నా లెన్స్ మీద 8ఎక్స్ అనే ఉంది కానీ డబ్బా మీద రాసింది 0.75, అంటే నాకు కనిపించేది రెండుంముప్పావు రెట్ల లోపే. నేను చెప్పిన 8ఎక్స్ అంకె చూసి పాపకి 1.0 కొంటే మూడు రెట్లు దాటుతుందన్నమాట. ఆమె 1.0 తీసుకోకూడదు, ఒప్పుకుంటాను. కానీ 0.5 దగ్గరే ఆగిపోవాలంటే ఒప్పుకోను. ఆమె చేతికి 0.75 అంటే రెండు రెట్లే కదా!

కోచింగ్ అక్క:
రెండు రెట్లే, కానీ క్లారిఫయర్‌తో కలిపి. దాన్ని ఇప్పుడే ఎందుకు తగిలించాలి? ముందు 0.5తో ఈ సీజన్ గడవనీ. డాట్ పసుపులో తిరుగుతున్నా పట్టించుకోకుండా రిలీజ్ చేయడం వచ్చిందా లేదా అన్నది మీ కోచ్ గారే చెప్తారు. వచ్చాక, చెయ్యి పొడుగు ఇంకా పెరిగాక, మళ్లీ కొలిచి అప్పుడు 0.75 చూడొచ్చు. పద్నాలుగేళ్ల పిల్ల ఎదుగుతుంది, దూరం మారుతుంది, ఈరోజు లెక్క రెండేళ్ల తర్వాత పనికిరాదు.

పటమట విలుకాడు:
ఎలాగూ రెండేళ్లలో మార్చాల్సిందే అయితే, ఆయన రెండుసార్లు కొనలేనన్నారు కదా అక్కా. 0.75 ఒకటే కొని, ఇప్పుడు సైట్ బారు వెనక్కి జరిపి వాడుకోవచ్చు. కంటికి దగ్గరైతే పవర్ తగ్గుతుందని డాక్టర్ గారే చెప్పారు.

కంటి పరీక్ష:
ఆ ఉపాయం పనిచేస్తుంది. 70 నుంచి 60కి తెస్తే 0.75 లెన్స్ రెండు రెట్ల లోపుకి, సుమారు 1.8కి వస్తుంది. మసక కూడా కొంచెం తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇబ్బంది ఒకటే, స్కోప్ కంటికి దగ్గరైతే గురిలో చిన్న తప్పు టార్గెట్ దగ్గర పెద్దదవుతుంది, సైట్ గుర్తులన్నీ మళ్లీ వేసుకోవాలి. సైట్ బారుకి అంత జరుపు ఉందో లేదో కూడా చూడాలి.

బ్రాడీపేట నాన్న:
ఆదివారం విజయవాడ వెళ్తున్నాం. డాక్టర్ గారు చెప్పినట్టు కోచ్ గారితోనే కొలిపిస్తాను. అకాడమీలో 0.5, 0.75 రెండూ అడిగి పెట్టించి, పాప ఏది మసక లేకుండా కనిపిస్తుందంటుందో చూస్తాను. కొనేది ఆ తర్వాతే.

కోచింగ్ అక్క:
రెండిటితోనూ కనీసం 36 బాణాలు కొట్టించండి సార్. ఏది బాగా కనిపించిందని మొదట అడక్కండి. పిల్లలకి పెద్దగా కనిపించేదే బాగుందనిపిస్తుంది. రిలీజ్ చేసేటప్పుడు ఆమె వెనక నిలబడి బొటనవేలు చూడమని కోచ్ గారికి చెప్పండి.