కారు సీన్లలో కనికట్టు: ఎంతవరకు ఒప్పుకుందాం?

వెనకసీటు:
నిన్న రాత్రి ఒక సినిమా చూస్తూ మధ్యలోనే ఆపేశాను. ఇద్దరు కారులో మాట్లాడుకుంటూ వెళ్తున్నారు. ఎదురుగా తీసిన షాట్‌లో సీట్లకు హెడ్‌రెస్టులు లేవు, పక్కనుంచి తీసిన షాట్‌లో ఉన్నాయి. లోపలి అద్దమైతే మొత్తానికే మాయం. అది కంటబడ్డాక ఇక డైలాగ్ చెవికెక్కితే ఒట్టు. ఇంత ఖర్చు పెట్టేవాళ్లు నిజంగా కారు నడుపుతూ తీయలేరా? ఇది బద్ధకం అంటాను నేను.

ఫోకస్‌పుల్లర్:
బద్ధకం కాదండీ. కొన్నాళ్లు కెమెరా అసిస్టెంటుగా చేశాను. ముందు గ్లాసులోంచి తీస్తే వెనక కూర్చున్నవాళ్ల మొహాలకు హెడ్‌రెస్టు అడ్డం. లోపలి అద్దం మొహాలకు అడ్డం రావడమే కాదు, ఒక్కోసారి అందులో కెమెరావాళ్లే కనపడతారు. ముందు గ్లాసు కూడా కొన్నిసార్లు తీసేస్తాం. ఉంచితే ఆకాశమంతా దాని మీదే పరుచుకుంటుంది. పోలరైజర్ ఫిల్టర్ తిప్పి కొంత, పైన నల్లగుడ్డ కట్టి కొంత తగ్గించుకోవాలి.

రాత్రి సీను ఒకటి చెప్తాను. కారు అంగుళం కదల్లేదు. ఒకతను బంపర్ కింద దుంగ పెట్టి మెల్లగా ఎత్తి దించుతున్నాడు. ఇంకొకతను లైటు పట్టుకుని కారు పక్కనుంచి వెనక్కి పరుగెడుతున్నాడు, వీధిదీపం దాటిపోయినట్టు. నా చేతిలో చెక్కకు బిగించిన రెండు చిన్న లైట్లు. కారు వెనకాల నిలబడి వాటిని ఊపడమే నా పని, వెనకొచ్చే బండి హెడ్‌లైట్లు అవే! తెర మీద చూస్తే నాకే అనుమానం రాలేదు.

క్లచ్‌ప్లేట్:
చీకట్లో ఏదైనా చెల్లుతుంది సార్, పగలు సంగతి చెప్పండి. 1930ల నుంచి దశాబ్దాల పాటు బ్యాక్ ప్రొజెక్షన్ నడిచింది. కారు వెనక తెర మీద రోడ్డు ఫిల్మ్ వేసేవారు. ప్రొజెక్టర్, కెమెరా షట్టర్లు రెండూ ఒక్కసారే తెరుచుకోవాలి, లేదంటే వెనక బొమ్మ మిణుకుమంటుంది. అంత కష్టపడీ ఏం లాభం? రోడ్డు తిన్నగా ఉంటుంది, హీరో మాత్రం స్టీరింగ్‌ని పిండి కలిపినట్టు అటూఇటూ తిప్పుతుంటాడు. గ్రీన్ మ్యాట్‌లో, అంటే ఆకుపచ్చ తెర ముందు తీసి రోడ్డు బొమ్మ తర్వాత అతికించడంలో, ఇంకో గొడవ, గ్లాసు మీద ఒక్క చెట్టు నీడ కూడా కదలదు. కారు చుట్టూ రోడ్డు బొమ్మ చూపించే ఎల్‌ఈడీ గోడలు ఆ మాటకొస్తే నయం. గోడ మీద బొమ్మ వెలుగే మొహం మీదా గ్లాసు మీదా పడుతుంది కదా.

నిజంగా తీసినవాళ్లూ ఉన్నారు. 1950 నాటి హాలీవుడ్ సినిమా ‘గన్ క్రేజీ’లో బ్యాంకు దోపిడీ సీను చూడండి. కెమెరా కారు లోపల వెనకవైపే ఉంటుంది, మూడు నిమిషాలకు పైగా ఒకే షాట్. వీధి కూడా నిజం వీధే.

వెనకసీటు:
అదీ! నేను అన్నది అదే కదా.

మైక్‌వాలా:
ఒక్క నిమిషం. నటుడు ఏడవాలి, డైలాగ్ గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ ట్రాఫిక్‌లో బండి కూడా నడపాలా? ఎవరికైనా తగిలితే? అందుకే కారుని తక్కువ ఎత్తు ట్రెయిలర్ ఎక్కించి లాగుతారు, లేదా కారు పైకప్పు మీద సీటు బిగించి అక్కణ్నుంచి స్టంట్ డ్రైవర్ నడుపుతాడు. హీరో చేతిలో ఉన్నది ఉత్త చక్రం. ట్రెయిలర్ మీదైతే ఇంజన్ ఆపేయొచ్చు, నాకు డైలాగ్ శుభ్రంగా దొరుకుతుంది. కాకపోతే కారు ఎత్తు పెరిగి, హీరో పక్క బండ్లని మేడ మీదనుంచి చూస్తున్నట్టు ఉంటాడు.

క్లచ్‌ప్లేట్:
ఛేజింగుల్లో సెకనుకు 24 ఫ్రేములకు బదులు 20 తీసి, తెర మీద మామూలుగా 24 చొప్పున వేస్తే 50 కిలోమీటర్ల వేగం 60లా కనపడుతుంది. దాన్ని ఎవరూ తిట్టరేం? ఫుట్‌పాత్ మీద మనుషులు బొమ్మల్లా టకటకా నడుస్తుంటే పట్టేయొచ్చు.

వెనకసీటు:
సరే, ట్రెయిలర్ విషయంలో ఓడిపోయాను. ప్రాణం మీదకు తెచ్చుకోమని నేననను. కానీ నన్ను అసలు చంపేది ఆ ట్రెయిలర్ నేర్పిన అలవాటే. డ్రైవర్ రోడ్డు వదిలేసి పక్కమనిషి కళ్లలోకి ఐదు సెకన్లు చూస్తాడు. 60 కిలోమీటర్ల వేగంలో ఐదు సెకన్లంటే 80 మీటర్ల పైమాటే! రోడ్డు చూసే అవసరం నటుడికి లేదు, నిజమే. పాత్రకి ఉంది కదా? నీడలు, గ్లాసులు మీరు ఎంత సరిచేసినా ఆ చూపు ఒక్కటి దొరికిపోతుంది.

ఫోకస్‌పుల్లర్:
దీనికి నా దగ్గర జవాబు లేదు. సెట్‌లో “రోడ్డు చూడండి” అని గుర్తుచేసే డైరెక్టర్లని చూశాను. ఇద్దరూ ముందుకే చూస్తూ మాట్లాడితే సీను చల్లబడిందని మళ్లీ తీయించిన డైరెక్టర్నీ చూశాను. మేం చివరికి ఉంచిన టేక్‌లో ఏడు సెకన్లు చూశాడు మావాడు.

వెనకసీటు:
ఏడా! నమస్కారం సార్. హెడ్‌రెస్టులు మాత్రం రెండు షాట్లలోనూ పీకేయండి, లేదా రెండింట్లోనూ ఉంచండి.