మొగి గింజలు ఆరబెట్టి దాచవచ్చా? శేషాచలం కొండల అరుదైన నేరేడు గురించి ఒక సందేహం

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. మాది రైల్వే కోడూరు దగ్గర మామిడి తోట. తోట పైభాగంలో ఉన్న రాళ్ల వాలులో మామిడి నిలవడం లేదు. ఈ మధ్య రోడ్డు పక్కన మొగి పండ్లని అమ్ముతుంటే కొన్నాము. ఆ చెట్టును మా వాలులో పెంచాలని నాన్నగారి కోరిక. గింజలను ఆరబెట్టి దాచి, వచ్చే తొలకరికి నాటితే చాలని ఊరిలో ఒక పెద్దాయన చెప్పారు. అది సరైన పద్ధతేనా? పైగా ఇవి నిజంగా మొగి పండ్లేనా, లేక మామూలు నేరేడు పండ్లేనా అన్నది ఎలా తెలుస్తుందో దయచేసి తెలుపగలరు.

జవాబు:
నమస్కారమండీ. గింజలను మాత్రం దయచేసి ఆరబెట్టవద్దు. వడ్లు, కందుల వంటి గింజలు ఎండితేనే నిలవ ఉంటాయి గానీ, నేరేడు జాతుల గింజలు లోపలి తేమ పోగానే మొలకెత్తే శక్తిని కోల్పోతాయి. మామూలు నేరేడు గింజ కూడా కొద్ది వారాలకే పనికిరాకుండా పోతుంది. కాబట్టి పండు తిన్న రోజే గింజకు అంటిన గుజ్జును శుభ్రంగా కడిగి, నీటిలో తేలినవాటిని, పురుగు తొలిచినవాటిని తీసివేసి, మిగిలినవాటిని వెంటనే నాటండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన పొడవైన సంచులు వాడితే వేరు మెలితిరగకుండా కిందికి దిగుతుంది. గింజను దాని మందం కంటే లోతుగా పూడ్చనక్కరలేదు. సంచులను పలుచని నీడలో ఉంచి, మట్టి ఆరిపోకుండా, అలాగని నీరు నిలవకుండా చూసుకోండి.

ఇక గుర్తింపు విషయం. పండును మాత్రమే చూసి తేల్చడం కష్టం, ఆకు చూడాలి. మామూలు నేరేడులో ఆకులు కొమ్మకు రెండు పక్కలా ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. మొగిలో ఒక ఆకు ఒక పక్క, తరువాతి ఆకు మరికాస్త పైన ఇంకో పక్క వస్తాయి. ఆకు కూడా వెడల్పుగా ఉంటుంది. కొమ్మ చివర ఆకులు దగ్గరదగ్గరగా ఉండి జంటల్లా కనిపించవచ్చు కనుక నాలుగైదు కొమ్మల మధ్యభాగం పరిశీలించండి. దీని శాస్త్రీయ నామం సిజీజియం ఆల్టర్నిఫోలియం. జామ, లవంగం, నీలగిరి చెట్ల కుటుంబానికి చెందినది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ముఖ్యంగా మన శేషాచలం, నల్లమల, వెలిగొండ కొండల్లో పెరుగుతుంది. ఎండాకాలంలో పూసే తెల్లని పూగుత్తులు కేసరాలతో నిండి, తేనెటీగలకు మంచి మేత అవుతాయి. అంతరించే ప్రమాదమున్న జాతిగా, ప్రకృతి సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో నమోదైన ఈ చెట్టును పెంచాలనుకున్న మీ నాన్నగారికి నా నమస్కారాలు.

ప్రశ్న:
ధన్యవాదాలండీ. గింజలను ఈ రోజే నాటుతాము. వాలు కాకుండా కుంట గట్టు కింద కూడా కొన్ని మొక్కలు పెట్టవచ్చా? గింజలు మొలవకపోతే అడవిలోని చిన్న మొక్కలను తెచ్చుకోవచ్చా?

జవాబు:
కుంట కింద వద్దు. వాగుల ఒడ్డున తడిలోనూ బతికేది మామూలు నేరేడు. మొగి పుట్టినచోటు నీరు ఇట్టే జారిపోయే రాతి వాలు కాబట్టి మీ తోట పైభాగమే దానికి తగినది. అక్కడైనా మొదటి రెండు ఎండాకాలాలు నీరు పోయక తప్పదు, మేకలు కొరకకుండా కంప కట్టాలి.

అడవి నుంచి మొక్క మాత్రం పెకలించవద్దు. శేషాచలం కొండల్లో కొంత భాగం 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది. అక్కడ మొక్కలు పెకలించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అటుంచినా, పండ్లన్నీ కోసుకుపోయిన చోట అక్కడక్కడా మిగిలిన ఆ చిన్న మొక్కలే రేపటి చెట్లు. గింజలు మొలవకపోతే వచ్చే కాపు వరకు ఆగి మళ్లీ పండ్లు కొనండి. అప్పుడు గుర్తింపు కోసం, పండ్లు అమ్మేవారినే ఆకులున్న చిన్న రెమ్మ రాలి దొరికితే తెమ్మని అడగండి. దానిని పాత వార్తాపత్రికల మధ్య ఒత్తి ఆరబెట్టి తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో చూపిస్తే, అది మొగి అవునో కాదో అనుమానం లేకుండా తేలిపోతుంది.