అప్‌డేట్: బాక్స్‌స్టరా, కేమనా? తేల్చుకున్నాను

ఆ మధ్య అడిగాను కదా, సెకండ్ హ్యాండ్‌లో పోర్షే 718 స్పోర్ట్స్ కారు కొనాలనుకుంటున్నాను, ఉండేది హనుమకొండలో, టాప్ తెరుచుకునే బాక్స్‌స్టర్ తీసుకోవాలా, పైకప్పు తెరుచుకోని కూపే అయిన కేమన్ తీసుకోవాలా అని. కేమన్‌కే అడ్వాన్స్ ఇచ్చేశాను.

హైదరాబాద్‌లో రెండూ నడిపి చూశాను. ఇంజిన్ రెండింటికీ సీట్ల వెనకే, డిక్కీలు ముందొకటి వెనకొకటి. కాబట్టి తేడా అంతా పైకప్పుదే. బాక్స్‌స్టర్ బట్ట టాప్ 50 కిలోమీటర్ల వేగం లోపు అయితే నడుస్తుండగానే 9 సెకన్లలో మడుచుకుంటుంది. చూడ్డానికి భలే ఉంటుంది, కాదనను. కానీ నేను చూసిన బండిలో బట్ట మడతల నిండా సన్నటి దుమ్ము. టాప్ పక్కన వాన నీళ్లు కిందికి పోయే రంధ్రంలో ఎండాకులు ఇరుక్కుని ఉన్నాయి. అది పూడుకుపోతే నీళ్లు లోపలికి దిగి కార్పెట్ తడుస్తుంది. మన దగ్గర కరీంనగర్ రోడ్డెక్కితే ముందు గ్రానైట్ లారీలే. ఆ దుమ్ములో టాప్ తెరిచేదెవరు?

ఎండల సంగతి అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: "టాప్ దీసుకొని తిరిగితే నెత్తి మాడ్తది బిడ్డా!"

చలికాలం పొద్దున రామప్ప దాకా టాప్ తీసి వెళ్లాలన్న కోరిక మాత్రం ఇంకా ఉంది. దానికి మా బావమరిది జీపు చాలు.

స్పీడ్ బ్రేకర్ల టెన్షన్ రెండింటికీ ఒకటే. ఇక మిగిలింది ఇన్సూరెన్స్ నా పేరుకు మార్చుకోవడం. బండి బదిలీ అయిన 14 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి.