విమానం భయం: సీబీటీ అభ్యాసాలు ఇంట్లో ఎలా చేయించాలి?

తుంగభద్ర_తీరం:
అమ్మకు 61 ఏళ్లు. అక్క పురుడుకు డిసెంబరులో హైదరాబాద్ నుంచి డాలస్ వెళ్లాలి. టికెట్ మాటెత్తితే చాలు, గుండె దడ, చేతులు చల్లబడిపోతాయి. బీపీ, గుండె పరీక్షలు బాగానే ఉన్నాయి. కౌన్సెలర్ సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చి భయం తగ్గించే మాటల చికిత్స) మొదలుపెట్టారు. పది వారాల టైముంది. ఇంట్లో మేమేం చేయించాలి? "ఏం కాదులే అమ్మా" అని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు.

మనోవీధి:
ముందు ఆ "ఏం కాదులే" మానేయండి. విన్న ఐదు నిమిషాలు ఊరటగా ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ అడుగుతారు. భరోసా అడగడం, తప్పించుకోవడం, ఈ రెండూ ఉన్నంతకాలం భయం తగ్గదు.

అసలు అమ్మగారి భయం దేనికో తేల్చుకోండి. విమానం కూలుతుందనా, తలుపు వేశాక ఊపిరాడదనా, గుండె ఆగుతుందనా? గుండె దడకే భయపడే మనిషికి విమాన భద్రత గురించి గంటసేపు చెప్పినా ఎక్కదు. ఆ దడనే కావాలని తెప్పించాలి: ఒక నిమిషం గబగబా లోతుగా ఊపిరి తీయడం, లేదా నిలబడ్డచోటే పరుగు. తర్వాత మంచినీళ్లు తాగకుండా, పడుకోకుండా, దానంతటదే తగ్గేదాకా ఆగాలి. ఆమె వయసుకు ఇది డాక్టరును అడిగాకే చేయించండి. ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు ఉన్నవాళ్లకు వద్దు.

ఇక మెట్లు. భయానికి 0 నుంచి 100 దాకా మార్కులు వేయించండి. టేకాఫ్ వీడియో హెడ్‌ఫోన్స్‌తో చూడటం 30, శంషాబాద్‌లో టెర్మినల్ బయట గంటసేపు కూర్చోవడం 45, దేశంలోనే గంట ప్రయాణం 80, డాలస్ 100... ఇలా పది, పన్నెండు మెట్లు. 30 దగ్గర మొదలుపెట్టి రోజూ చేయాలి, వారానికోసారి చేస్తే నిలవదు. ప్రతిసారీ ముందు ఆమె చేతే రాయించండి: "వీడియో చూస్తే కళ్లు తిరిగి పడిపోతాను, 80 శాతం ఖాయం." అయ్యాక పక్కనే ఏం జరిగిందో రాయాలి. అసలు పని చేసేది ఆ రెండు వాక్యాల మధ్య తేడానే. చాలామంది ఈ రాతపని వదిలేసి వీడియోలు మాత్రం చూపిస్తారు, అందుకే ఫలితం రాదు. భయం మరీ పెరిగినప్పుడు మధ్యలో లేచిపోనివ్వకండి. అలా లేస్తే మెదడుకు అందేది "పారిపోయాను కాబట్టి బతికాను" అనే పాఠం.

రెక్కల_చప్పుడు:
శబ్దాలు ముందే వినిపించండి. ఎయిర్‌బస్ ఏ320 విమానాల్లో నేలమీద ఉన్నప్పుడు కుక్క మొరిగినట్టు వస్తుంది. అది రెండు హైడ్రాలిక్ వ్యవస్థల (ద్రవం ఒత్తిడితో చక్రాలు, బ్రేకుల్లాంటివి నడిపేవి) మధ్య ప్రెషర్ సరిచేసే యూనిట్. గాల్లోకి లేవగానే కింద "ధడ్"మంటే చక్రాలు లోపలికి వెళ్లాయని. కాసేపటికి ఇంజిన్ హోరు తగ్గుతుంది, కడుపులో జారినట్టుంటుంది. చాలామంది హడలిపోయేది ఇక్కడే. విమానం పైకే వెళ్తుంటుంది, పవర్ మాత్రమే కాస్త తగ్గిస్తారు.

కుదుపుల్లో రెక్కలు ఊగాలి, అలాగే తయారుచేస్తారు. 2010లో బోయింగ్ 787 పరీక్షలో రెక్కలను సుమారు 25 అడుగులు పైకి వంచారు. కుదుపుల్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు పెట్టుకోనివాళ్లకే. ఇవన్నీ ఒక్కసారి చెప్పి ఊరుకోండి. రోజూ చెప్తే ఇదీ భరోసా కిందికే వస్తుంది.

తుంగభద్ర_తీరం:
థ్యాంక్సండీ. రెండు సందేహాలు. డాక్టరు అల్ప్రాజోలం (ఆందోళన తగ్గించే మాత్ర) రాసిచ్చారు, ప్రాక్టీస్ ఫ్లైట్‌లో వేయొచ్చా? అమ్మ ఆపకుండా హనుమాన్ చాలీసా చదువుతుంది, వద్దనాలా?

మనోవీధి:
మాత్ర సంగతి రాసిన డాక్టరుతోనే తేల్చుకోండి. రోజూ వేసుకునేదైతే సొంతంగా ఆపొద్దు. ప్రాక్టీస్ రోజున మాత్రం మాత్ర అడ్డమే, గట్టెక్కిన పేరు దానికే పోతుంది. 1997లో విల్‌హెల్మ్, రోత్ చేసిన పరిశోధనలో మొదటి ఫ్లైట్‌కు అల్ప్రాజోలం వేసుకున్నవాళ్లకు, వారం తర్వాత మాత్ర లేకుండా ఎక్కినప్పుడు భయం ఎక్కువైంది.

చాలీసా వద్దనకండి. రోజూ పూజలో చదివేదే అయితే చదవనివ్వండి. "ఆపితే విమానం పడిపోతుంది" అనే లెక్కతో చదువుతుంటే మాత్రం అది కౌన్సెలర్‌తో మాట్లాడాల్సిన విషయం. సీటు చేతులు బిగించి పట్టుకోవడం, ఎయిర్‌హోస్టెస్ ముఖం చూస్తూ కూర్చోవడం కూడా ఇలాంటివే, ఒక్కొక్కటిగా వదిలించాలి.

ప్రాక్టీస్‌కు విజయవాడ కంటే విశాఖ నయం. విజయవాడకు ఏటీఆర్ (ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం) రావచ్చు, డాలస్ వెళ్లే జెట్‌కూ దానికీ చప్పుడు, ఊపు వేరు. రెక్కల దగ్గర సీటైతే ఊపు తక్కువ. కాబట్టి మొదటిసారి అక్కడ, రెండోసారి వెనక తీసుకోండి. రెండో ట్రిప్పు నవంబరు చివర్లో పెట్టుకుంటే డాలస్‌కు ముందు ఎక్కువ గ్యాప్ రాదు. మధ్యలో కౌన్సెలర్ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.