చలికి బిగుసుకుపోయిన గొర్రెపిల్లకు ముందు పాలా, వేడా? అర్జెంట్

మొయినాబాద్ రైతు:
అన్నా, మాది హైదరాబాద్ పక్కన మొయినాబాద్ దగ్గర. రాత్రి ఒంటిగంట ప్రాంతంలో మా గొర్రె కవలల్ని ఈనింది. పెద్దది బాగానే తాగుతోంది. ఇప్పుడు పొద్దున ఆరు దాటింది, చిన్నది తల కూడా నిలబెట్టట్లేదు, నోట్లో వేలు పెడితే చల్లగా ఉంది, చప్పరించట్లేదు. తల్లి కూడా దాన్ని తలతో నెట్టేస్తోంది. అమ్మేమో ఆవుపాలు వెచ్చబెట్టి సీసాతో పడదాం అంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది, తొందరగా చెప్పండి.

చేవెళ్ల జీవాలు:
పాలు ఇప్పుడే వద్దు తమ్ముడూ. చప్పరించలేని పిల్లకు సీసాతో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పొడి గోనెసంచితో రుద్ది ఒళ్లంతా ఆరబెట్టు, గాలి తగలని చోట ఎండుగడ్డి మీద పడుకోబెట్టు. వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి రెండు పక్కలా పెట్టు. మంట మాత్రం వేయకు, మూసిన దొడ్లో పొగ పసిపిల్లకు చాలా ప్రమాదం.

రాజేంద్రనగర్ వెటర్నరీ స్టూడెంట్:
అన్న చెప్పింది అప్పుడే పుట్టిన పిల్లకు సరిపోతుంది, కానీ ఇది పుట్టి ఐదు గంటలు దాటింది కదా. ఆరబెట్టండి, కప్పండి, వేడి సీసాలు మాత్రం ఆపండి. పుట్టుకతో వచ్చిన కొవ్వు ఈపాటికి కరిగిపోయి రక్తంలో చక్కెర పడిపోయి ఉంటుంది, ఆ స్థితిలో నేరుగా వేడి చేస్తే ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. ముందు పొట్టలోకి గ్లూకోజ్ ఇంజెక్షన్ పడాలి, ఆ తర్వాతే వేడి. అది డాక్టరే చేయాలి, మీరు సూది పట్టుకోకండి. వెంటనే 1962కి ఫోన్ చేయండి, పశువుల అంబులెన్స్ నంబర్ అదే. ఈలోపు థర్మామీటర్‌తో వెనుక నుంచి జ్వరం చూడండి. మామూలుగా 102 నుంచి 104 ఫారెన్‌హీట్ ఉంటుంది, 98.6 కన్నా తగ్గితే ప్రాణాపాయం.

మొయినాబాద్ రైతు:
97 చూపిస్తోంది. ఫోన్ చేశా, బయల్దేరామన్నారు. పాల సంగతి కూడా చెప్పండి, తర్వాత ఏం పట్టాలి?

షాద్‌నగర్ అక్క:
ఒళ్లు వెచ్చబడి వేలు చప్పరించడం మొదలుపెట్టాక తల్లి ముర్రుపాలే పట్టు తమ్ముడూ, మామూలు ఆవుపాలతో రోగాలను తట్టుకునే శక్తి రాదు. ఆ శక్తిని పేగులు లాక్కునేది మొదటి రోజే, అదీ గంటగంటకూ తగ్గిపోతుంది, అందుకే పెద్దది పొదుగు ఖాళీ చేసేలోపే కొన్ని పాలు పిండి పక్కన పెట్టుకో. కిలో బరువుకు ఒక్కోసారి 50 మిల్లీలీటర్లు, రోజు మొత్తం మీద 200 దాకా పోవాలి. తల్లి దగ్గర చాలకపోతే ఇప్పుడే ఈనిన ఇంకో గొర్రెవి గానీ మేకవి గానీ పట్టొచ్చు. చప్పరించడం రాకపోతే డాక్టర్ దగ్గరే ట్యూబ్‌తో పోయించు.

తల్లి ఎందుకు నెడుతోందో కూడా చూడు, పొదుగు ఒక పక్క గట్టిగా, వేడిగా ఉంటే నొప్పికి తంతుంది. డాక్టర్ ఎలాగూ వస్తున్నారు కాబట్టి అదీ చూపించు. పొదుగు బాగుంటే తల్లిని ఇరుకు చోట పొట్టి తాడుతో కట్టి, పట్టుకుని తాగించు. పిల్లను నీళ్లతో మాత్రం కడగొద్దు, తల్లి గుర్తుపట్టేది వాసనతోనే.

చేవెళ్ల జీవాలు:
రెండు పిల్లల బొడ్లకూ టింక్చర్ అయోడిన్ పెట్టావా? హుషారుగా ఉందని పెద్దదాన్ని వదిలేయకు. బొడ్డు నుంచి చీము పడితే తర్వాత కీళ్లు వాస్తాయి.