తెలుగు పేజీలో ఉర్దూ: దిశ మనమే చెప్పాలా, బ్రౌజర్‌కు వదిలేయాలా?

పాతబస్తీ_నోటీసుబోర్డు:
మా కాలనీ సంఘం వెబ్‌పేజీని తెలుగు, ఉర్దూ రెండింట్లో నడుపుతున్నాను. నిన్న ఒక ఉర్దూ వాక్యం చివర ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబరు పెట్టాను. టైపు చేసింది 040, ఆపైన హైఫన్, తర్వాత మిగతా అంకెలు. తెర మీద చూస్తే 040 వెనక్కి పోయి కూర్చుంది. ముగ్గురు పెద్దవాళ్లు ఫోన్ చేసి "నంబరు తప్పు వేశావేంటి బాబూ" అన్నారు. నేనైతే అన్ని పేరాలకూ దిశ 'ఆటో' అని, అంటే ఎడమా కుడా అన్నది బ్రౌజరే తేల్చుకునేలా పెట్టి నిశ్చింతగా ఉన్నాను. అది సరిపోదా?

కోడ్_కాకా:
సరిపోతుంది. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో ఒకే ప్రమాణం పెట్టిన యూనికోడ్ వాళ్లు దీనికోసమే నియమాలు రాసిపెట్టారు. అక్షరాలు మనం చదివే వరసలోనే దాచి ఉంటాయి, ఏది ఎటు నడవాలన్నది చూపించేటప్పుడు తేలుతుంది. ప్రతి పేరాకూ చేత్తో దిశ రాస్తూ పోతే ఎక్కడో ఒకచోట మర్చిపోతాం. మీది బ్రౌజర్ బగ్ అయ్యుంటుంది.

ఛత్తాబజార్_ప్రెస్:
బగ్ కాదు కాకా. ఆటో చూసేది పేరాలో దిశ ఉన్న మొదటి అక్షరాన్నే. ఉర్దూ పేరా ఇంగ్లిష్‌లో రాసిన 'ఆధార్'తో మొదలైందనుకోండి, పేరా మొత్తం ఎడమ నుంచి మొదలవుతుంది. కుడి నుంచి చదివేవాడికి ఆ మొదటి మాటే వరస చివర్లో తగులుతుంది. ఉర్దూ అని తెలిసిన పేరాకు కుడి దిశ అని రాసేయడానికి బద్ధకమెందుకు? ఎవరో నింపే ఫారంలో ఏ భాష వస్తుందో తెలియదు కాబట్టి అక్కడ ఆటో పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు.

ఇక నంబరు సంగతి. దిశ సరిగ్గా పెట్టినా అది తిరగబడుతుంది, ఈ విషయంలో ఇద్దరూ పొరబడ్డారు. ఉర్దూ రాసేది అరబీ లిపిలోనే. ఆ లిపి అక్షరం తర్వాత వచ్చిన అంకెల్ని యూనికోడ్ నియమాలు అరబీ అంకెల్లాగే లెక్కేస్తాయి. అప్పుడు వాటిని కలిపి ఉంచడం హైఫన్ వల్ల కాదు. ఏ ముక్కకు ఆ ముక్క సరిగ్గానే ఉంటుంది గానీ, ముక్కల్ని కుడి నుంచి ఎడమకు పేరుస్తాయి. 15-08-2024 కాస్తా 2024-08-15 అవుతుంది. అదే 15/08/2024 అని రాస్తే కదలదు! కుడి నుంచే రాసే హీబ్రూ పక్కన హైఫన్ ఉన్నా ఈ గొడవ రాదు. నంబరును HTMLలోని 'బీడీఐ' (bdi) ట్యాగ్‌లో పెట్టండి, చుట్టూ ఉన్న ఉర్దూ దాన్ని తాకదు.

కోడ్_కాకా:
హైఫన్ సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. కానీ ఇదే నోటీసు వాట్సాప్‌లో వెళ్తే ట్యాగ్ ఎక్కడిది? ఆ ట్యాగ్ పనే చేసే, 2013లో యూనికోడ్ 6.3తో వచ్చిన కనపడని గుర్తులు వాడమంటారా? అలాంటి గుర్తులతోనే చూసేవాడికి ఒకటి, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు ఇంకొకటి కనిపించేలా కోడ్ రాయొచ్చని 2021లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపించారు. మా ఆఫీసులో అవి ఎక్కడ కనిపించినా తీసిపారేస్తాం.

ఛత్తాబజార్_ప్రెస్:
కోడ్‌లో తీసేయండి, నేనూ అదే చేస్తాను. ఉర్దూ నోటీసులోంచి కూడా తీసేస్తామంటే మాత్రం ఒప్పుకోను. దొంగ వస్తాడని తలుపే లేకుండా గోడ కట్టేస్తామా? అయినా వాట్సాప్‌కు ఆ గుర్తులూ అక్కర్లేదు. నంబరును విడిగా కింది వరసలో వేస్తే చాలు, పై వరసలోని ఉర్దూ ప్రభావం కిందికి దిగదు.

పాతబస్తీ_నోటీసుబోర్డు:
పేజీలో ట్యాగ్ పెట్టాను, గ్రూపులో నంబరు కింది వరసలో వేశాను. రెండు చోట్లా 040 ముందుకొచ్చింది. నిన్న ఫోన్ చేసిన ముగ్గురిలో ఒకాయన మళ్లీ చేశారు, ఈసారి ల్యాండ్‌లైన్‌కే.